క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ దొరకనప్పుడు ఏం చేశాం

చిగుళ్ళ ఆపరేషన్ అయ్యాక కుట్లు ఉన్న చోట బ్రష్ పెట్టనివ్వరు. బ్రష్ పెట్టకపోతే పాచి పడుతుంది, పాచి పడితే పుండు మానదు, కాబట్టి కుట్లు విప్పేదాకా బ్రష్ చేయాల్సిన పనంతా క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాషే చేయాలి. అలాంటిది మా అత్తయ్యగారికి ఫ్లాప్ సర్జరీ (చిగురు తెరిచి లోపల శుభ్రం చేసి కుట్లు వేసే ఆపరేషన్) అయిన వారంలోనే చెన్నైలో మా పెరంబూర్ షాపుల్లో ఆ మందు లేకుండా పోయింది. ఎక్కడికెళ్ళినా "స్టాక్ ఇల్లమ్మా, అడుత్త వారం వరుం" (స్టాక్ లేదమ్మా, వచ్చే వారం వస్తుంది) అనే మాటే. ఆ వచ్చే వారం రానే లేదు. నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

మందు దొరకకపోవడం ఒక ఎత్తు, దాని బదులు షాపులో చేతిలో పెట్టేవి ఇంకో ఎత్తు. ఒక అబ్బాయి పుదీనా వాసన వచ్చే నీలం రంగు మౌత్‌వాష్ తీసిచ్చి "ఇది కూడా అదే అక్కా" అన్నాడు. లేబుల్ తిప్పి చూస్తే అందులో ఆల్కహాల్ ఉంది, క్లోర్‌హెక్సిడిన్ అసలు లేదు. పచ్చి పుండు మీద ఆల్కహాల్ పడితే మనిషి విలవిల్లాడిపోతారు. ఇంకో షాపులో బెటడిన్ గార్గిల్ ఇచ్చారు. అది మంచి మందే, పోవిడోన్ అయోడిన్ 2 శాతం, కానీ మా అత్తయ్యగారు ఏళ్ళ తరబడి థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. థైరాయిడ్ ఉన్నవాళ్ళు అయోడిన్ మందు డాక్టర్‌ని అడక్కుండా వాడకూడదు. మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా అని షాపులో ఒక్క ముక్క అడగలేదు, అదే నాకు బాధ. ఇది చాలదన్నట్టు ఊరి నుంచి ఫోన్ చేసిన చుట్టం ఒకాయన సావ్లాన్‌లో ఉండేది కూడా క్లోర్‌హెక్సిడినే కదా, నీళ్ళు కలిపి పుక్కిలించమనండి అన్నారు. అందులో అది ఉన్నమాట నిజమే, కానీ దాంతో పాటు సెట్రిమైడ్ కూడా ఉంటుంది, అది ఒంటి మీద దెబ్బలకి వాడేది. దయచేసి నోట్లో పోసుకోకండి. ఆసుపత్రుల్లో చేతులు కడుక్కునే 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ కూడా అంతే.

చివరికి డాక్టరమ్మకే ఫోన్ చేశాను. చీటీలో రాసిన బ్రాండే కావాలని పట్టుబట్టక్కర్లేదు, క్లోర్‌హెక్సిడిన్ గ్లూకోనేట్ మౌత్‌వాష్ అని అడగండి, 0.2 శాతం లేకపోతే 0.12 శాతం తీసుకోండి అన్నారు. బలం తక్కువ కదా అంటే లెక్క చెప్పారు. 0.2 శాతం మందు 10 మి.లీ. పోసుకుంటే నోట్లోకి వెళ్ళేది 20 మిల్లీగ్రాములు, 0.12 శాతం మందు 15 మి.లీ. అయితే 18 మిల్లీగ్రాములు, కాబట్టి పెద్ద తేడా లేదు, కొంచెం ఎక్కువ పోసుకోవాలి అంతే. ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే ఎన్ని షాపుల చుట్టూ తిరగడం తప్పేదో! కొనేముందు లేబుల్ ఫోటో తీసి డాక్టర్‌కి వాట్సాప్‌లో పంపండి, ఎందుకంటే కొన్ని సీసాల్లో దీంతో పాటు ఇంకేవో కలిసి ఉంటాయి.

దొరికేదాకా ఉప్పునీళ్ళతోనే నడిపాం. గోరువెచ్చటి నీళ్ళు ఒక గ్లాసు, అందులో అర టీస్పూను ఉప్పు, తిన్న ప్రతిసారీ. గట్టిగా పుక్కిలించకూడదు, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయాలి, లేకపోతే గడ్డకట్టిన రక్తం కదిలిపోతుంది. నాకు బీపీ ఉంది, ఉప్పునీళ్ళేంటమ్మా అని అత్తయ్యగారు భయపడ్డారు. మింగం కదండీ, ఉమ్మేస్తాం అని చెప్పాక ఒప్పుకున్నారు. ఉప్పునీళ్ళు ఆ మందుకి సాటి రావు, కానీ ఏమీ చేయకుండా కూర్చోవడం కంటే, చేతికందింది పోయడం కంటే ఎంతో మేలు.

చివరికి జన ఔషధి షాపులో దొరికింది, అక్కడ బ్రాండ్ గొడవ లేదు, మందు పేరు మీదే అమ్ముతారు. ఇంత కష్టపడి తెచ్చుకున్న మందుని వృథా చేసుకోకూడదు కదా. ఈ మందు పళ్ళకీ చిగుళ్ళకీ అంటుకుని గంటల తరబడి కొంచెం కొంచెంగా వదులుతూ పనిచేస్తుంది, అందుకే రోజుకి రెండుసార్లు చాలు. పుక్కిలించగానే మామూలు నీళ్ళతో కడిగేసుకుంటే మందంతా సింకులోకి పోయినట్టే. మిగతా పళ్ళకి టూత్‌పేస్ట్ వాడుతుంటే మధ్యలో అరగంట గ్యాప్ ఇవ్వాలి, పేస్టులో నురగ వచ్చే పదార్థం మందు బలాన్ని తగ్గించేస్తుంది. వెంటనే కాఫీ తాగితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు ఎక్కువ పడతాయి. ఫిల్టర్ కాఫీ గంట సేపు ఆపడం మా ఇంట్లో చిన్న విషయం కాదు, అయినా ఆపారు. నాలుక రుచి కూడా మారుతుంది, ముఖ్యంగా ఉప్పు సరిగ్గా తెలియదు. "ఏమ్మా, చారులో ఉప్పేశావా?" అని అడుగుతూ ఆవిడ ఉప్పు డబ్బా అందుకున్నారు. నేను రుచి చూస్తే సరిగ్గానే ఉంది. బీపీ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఆ డబ్బా మీద కన్నేసి ఉంచండి. మందు ఆపేశాక రుచి మామూలుగా వచ్చేస్తుంది.

0.2 శాతం మందైతే రోజుకి రెండుసార్లు పది మి.లీ. అంటే 20 మి.లీ., రెండు వారాలకి 280. 150 మి.లీ. సీసాలు రెండు సరిపోతాయి. డాక్టర్ చెప్పకుండా నెలల తరబడి వాడే మందు కాదిది, కాబట్టి దొరికింది కదా అని అరడజను కొనకండి. షాపులో ఫోన్ నంబర్ ఇచ్చి, స్టాక్ వస్తే ఒక సీసా పక్కన పెట్టమని అడిగితే పెడతారు. మా రెండో సీసా అలాగే వచ్చింది.