సాక్ష్యంలో తేదీ లేని అమ్మాయి

డాలస్ దగ్గర మేం వెళ్లే చర్చిలో పదో తరగతి పిల్లలందరూ ఎవరి సాక్ష్యం వాళ్లు, అంటే తాము క్రీస్తును ఎలా నమ్ముకున్నారో, మూడు నిమిషాల్లో చెప్పాలి. ముందుగా ఒక కాగితం ఇస్తారు. అందులో మూడు గడులు: క్రీస్తును ఎరగకముందు నా జీవితం, ఆయన్ని అంగీకరించిన రోజు, ఆ తర్వాత వచ్చిన మార్పు. మా అమ్మాయి మొదటి గడి దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా, ముందు అంటే ఎప్పుడు? నాకు ముందు అనేదే లేదుగా."

దాని మాట నిజమే. అది కడుపులో ఉన్నప్పుడే మా అమ్మ ఒంగోలు నుంచి ఫోన్లో ప్రార్థన చేసేది. అన్నం ముందు ప్రార్థన, పరీక్షకు ముందు ప్రార్థన, కొత్త కారు కొంటే దాని చుట్టూ నిలబడి మరీ ప్రార్థన. ఇక దాని స్నేహితుల సాక్ష్యాలేమో మంచి రసవత్తరంగా ఉంటాయి. ఒకడు వేపింగ్ మానేశాడు, ఒకమ్మాయి సమ్మర్ క్యాంపులో చలిమంట దగ్గర ఏడ్చి మారుమనసు పొందింది. వీటి పక్కన తన కథ తేలిపోతుందని దీనికి టెన్షన్. ఏదో ఒక పాపం చేసి రానా అని వాళ్ల నాన్నను అడిగింది కూడా.

యూత్ లీడర్ మంచి కుర్రాడే, అతన్ని తప్పుపట్టను. సిద్ధాంతం చూస్తే మాదీ అదే. బాప్టిస్టులం, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం. ఎవరి విశ్వాసం వాళ్లు నోటితో ఒప్పుకోవాలి. కాకపోతే అమెరికాలో ఈ సిద్ధాంతానికి ఇంకొకటి వచ్చి అంటుకుంది. చదువు నువ్వే ఎంచుకో, పెళ్లి నువ్వే ఎంచుకో, నువ్వెవరో నువ్వే తేల్చుకో, దేవుణ్ణి కూడా అలాగే ఒంటరిగా నిలబడి ఎంచుకో. లోకాచారాన్ని రోజూ తిట్టే చర్చి ఈ ఒక్క విషయంలో లోకం పాటే పాడుతుంది. బైబిల్లో రూతు తన అత్త నయోమితో ఏమంది? ముందు "నీ జనమే నా జనము" అంది, ఆ తర్వాతే "నీ దేవుడే నా దేవుడు" అంది.

అందుకని ఆ కాగితం పక్కన పెట్టమని దానికి వెల్లంపల్లి సంగతి చెప్పాను.

ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉంటుంది వెల్లంపల్లి. 1878 జూలై 3న ఆ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. మా అమ్మ వైపు పెద్దవాళ్లు కూడా ఆ గుంపులోనే ఉన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు. అప్పటికి రెండేళ్లుగా కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. కానీ ఆ కరువు రోజుల్లో ఎంతమంది వచ్చి అడిగినా బాప్తిస్మం ఇవ్వనన్నాడు. కూటికోసం కలిశారనే మాట వస్తుందని ఆయన భయం. కరువు సాయం అయిపోయింది, ఇక ఇవ్వడానికేమీ లేదన్నాక కూడా జనం కదల్లేదు. బొబ్బలెక్కిన చేతులు చూపించి, మాకు సాయం వద్దు, చస్తే క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నారని ఆయన తర్వాత రాసుకున్నాడు.

అప్పుడు అమ్మాయి అడిగింది: "అంతమంది ఒకేసారి మనసు మార్చుకుంటారా? ఎవరో ఒకరు చెబితే వెనకాల వచ్చి ఉంటారు."

వచ్చారు. ఆ మాట దాచాల్సిన పని లేదు. పల్లెకు పల్లే కూర్చుని మాట్లాడుకుని కదిలింది. దీనికి పన్నెండేళ్ల ముందు, 1866లో, ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారం చేసే మాదిగాయన నమ్ముకున్నాడు. ఆ తర్వాత ఆయన తన చుట్టపక్కాల ఊళ్లన్నీ తిరిగి చెప్పాడు. దొర చెప్పినదానికంటే బంధువు చెప్పినదే జనంలోకి ఎక్కువ వెళ్లింది. అయినా ఏట్లోకి మాత్రం ఎవరికి వాళ్లే దిగారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని, ఒక్కొక్కరినే ముంచి లేపారు. నిర్ణయం పల్లెది, ఒప్పుకోలు మనిషిది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో ఇక్కడి యూత్ గ్రూపుకు అర్థం కాదు, మా అమ్మకు అసలు అదొక ప్రశ్నే కాదు.

స్కూల్లో దీనికి ఇంకో గొడవ. ఇండియన్ అంటే దీపావళి గురించి చెప్పమంటారు. క్రిస్టియన్ అంటే మీ ఫ్యామిలీ ఎప్పుడు కన్వర్ట్ అయింది అంటారు. హిస్టరీ క్లాసులో ఒకబ్బాయి, అది మీ మీద తెల్లవాళ్లు రుద్దిన మతం అన్నాడట. ఇంటికొచ్చి రుసరుసలాడింది. రుద్దితే అది ఎవరికి నొప్పి పెట్టిందో చూడమన్నాను. కొత్తగా నమ్మిన మాదిగలకు క్లౌ మూడే నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ పిలిస్తే పలకాల్సిన వెట్టి మనిషి, ఈవేళ ఆదివారం, రానన్నాడంటే ఊరి పెద్దలకు ఎలా ఉంటుంది? ఊళ్లో దెబ్బలు తిన్నది ఆ మాటకే. అంతకుముందు ఒంగోల్లో పై కులాలవాళ్లు క్లౌ దగ్గరికి వస్తూ ఉండేవాళ్లు. మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నారు. ఆ రాత్రి ఆయనా, ఆయన భార్యా ఒకరికి తెలియకుండా ఒకరు బైబిల్ తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు వచ్చిందట, లోకంలో నీచులను, తృణీకరించబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటు. ఆయన మాదిగల వైపే నిలబడ్డాడు.

ఇదంతా విని అది అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు కష్టమైంది. "మరి మన తెలుగు ఫెలోషిప్‌లో దీని గురించి ఎవరూ మాట్లాడరేంటి?" మాట్లాడరు. ఇంటిపేరు, ఊరు అడిగి మనసులో లెక్క వేసుకుంటారు. పెళ్లి ప్రకటనల్లో క్రిస్టియన్ అన్న మాట పక్కనే కులం ఉంటుంది. ఇండియాలో అయితే దీనికి కాగితాల చిక్కొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు, మన ఆంధ్రలో వెనుకబడిన తరగతుల జాబితాలో బీసీ-సి అవుతాడు. సర్టిఫికెట్లో ఒక పేరు, చర్చి రిజిస్టరులో ఇంకో పేరు ఉన్న తాతలు మాకూ ఉన్నారు. ఇవన్నీ పదిహేనేళ్ల పిల్లకు చెప్పాలా అని మా ఆయన అన్నారు. చెప్పాలి. ఎవరైనా పార్టీలో నవ్వుతూ అడిగి తెలుసుకునేలోపు మా నోటే వినాలి.

చివరికి సాక్ష్యం రాసింది. మొదటి గడి కొట్టేసి, దాని మీద 1878 అని వేసింది. చర్చిలో చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. యూత్ లీడర్ మాత్రం తర్వాత వచ్చి, చాలా బాగుంది, మరి నీ సంగతేంటి అని అడిగాడట. ఆ అబ్బాయి అడిగింది న్యాయమే. ఇంకా ఆలోచిస్తున్నాను అని చెప్పిందట. నాకు ఆ జవాబు నచ్చింది. మా ఆయనకు నచ్చలేదు.

బాప్తిస్మం ఎప్పుడని మా అమ్మ ప్రతి ఆదివారం ఫోన్లో అడుగుతోంది. ఇక్కడైతే చర్చిలో వేడినీళ్ల తొట్టి ఉంది, తను మాత్రం సెలవులకు తీసుకురండి, ఒంగోల్లోనే ఇప్పిద్దాం అంటుంది. నేను మధ్యలో ఉండదలుచుకోలేదు. "దాన్నే అడుగమ్మా" అని ఫోన్ దాని చేతికి ఇచ్చేస్తున్నాను.