84వ పేజీ దాటడానికి ముందు

మొదటిసారి నా నవల 84వ పేజీలో ఆగిపోయింది. టైం దొరక్క కాదు, విసుగొచ్చీ కాదు. రాయడానికి ఏమీ మిగల్లేదు, అంతే. ఒక అక్క. ఇరవై ఏళ్ల కిందట ఇల్లు వదిలి వెళ్లిపోయిన తమ్ముడు. ఆ తమ్ముడి పేరుతో చనిపోయిన నాన్న వదిలి వెళ్లిన కవరు. ఆ కవరు అక్క దగ్గరే ఉండిపోయింది, ఇప్పుడు తమ్ముడు తిరిగొస్తున్నాడు. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని 84 పేజీలకే చతికిలబడ్డానంటే నాకే సిగ్గేసింది. కొన్ని నెలలు ఆ ఫైలు జోలికి పోలేదు.

ఆ తర్వాత ఒకరోజు ప్రింట్ తీసుకుని, ఎవరో పరాయివాళ్లు రాసినదాన్ని చదివినట్టు చదివాను. అక్క పదకొండుసార్లు కిటికీ దగ్గర నిలబడింది. లెక్కపెట్టాను. నిలబడుతుంది, బయటికి చూస్తుంది, పాత రోజులు తలుచుకుంటుంది, నిట్టూరుస్తుంది. చుట్టూ ఏవేవో జరుగుతుంటాయి, ఆమె మాత్రం ఒక్క పనీ చేయదు. ఆ మనిషి ఏం చేస్తుందో నాకు తెలిస్తే కదా చేయించడానికి! కిటికీ దగ్గరికి పంపిన ప్రతిసారీ నిజానికి నేను టైం సంపాదించుకుంటున్నాను.

అందుకని ఈసారి ఒక షరతు పెట్టుకున్నాను. ఆరు వారాల పాటు నవలలో ఒక్క వాక్యం కూడా రాయకూడదు. రోజుకో గంట కసరత్తు మాత్రమే. కొత్త నోట్‌బుక్ తీశాను.

మొదటి వారం దాదాపుగా దండగ. పాత్రల కోసం తయారుచేసిన ప్రశ్నల పట్టికలు బోలెడు దొరుకుతాయి కదా, వందకు పైగా ప్రశ్నలున్న ఒకటి పట్టుకుని నింపుతూ కూర్చున్నాను. పుట్టినరోజు, ఎత్తు, ఇష్టమైన రంగు, చిన్నప్పటి స్నేహితురాలు, దేనికి భయం, దేనికి కోపం. ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నట్టే ఉంది. పద్నాలుగు పేజీలు నిండాయి. అక్కకు నీలం రంగు ఇష్టమని తేలింది. ఆ కవరు చింపి చదివిందా లేదా అన్నది మాత్రం తేలలేదు. నవల మొత్తం నిలబడింది ఆ ఒక్క సంగతి మీదే.

అంత పట్టికలోనూ పనికొచ్చిన ప్రశ్న ఒక్కటే: తన గురించి తాను నమ్ముతున్న అబద్ధం ఏమిటి? దాని కింద పెద్దగా ఆలోచించకుండా ‘తనకు ఏమీ అక్కర్లేదని’ అని రాసేశాను. మిగతా పేజీలన్నీ చింపేసినా ఆ కాగితం ఉంచుకున్నాను.

రెండో వారంలో ఉత్తరాలు మొదలుపెట్టాను. పద్ధతి తేలికే. పాత్ర తన చేత్తో, తన మాటల్లో ఎవరికైనా ఉత్తరం రాయాలి. ఇరవై నిమిషాలు పెన్ను ఆపకూడదు, వెనక్కి వెళ్లి దిద్దకూడదు. అక్క చేత తమ్ముడికి ఒకటి రాయించాను. ఏడుపులు, నిష్ఠూరాలు, పెద్ద పెద్ద మాటలు. చదువుతుంటే గొంతు ఆమెది కాదు, అచ్చంగా నాదే. ఎప్పుడో పోయిన అమ్మకు రాయించిన రెండోదీ అంతే. విసుగెత్తి, ఎలాంటి ఉద్వేగానికీ చోటు లేని ఉత్తరం రాయిద్దాం అనుకున్నాను. అక్క ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. సరే, మేనేజరుకు ఫిర్యాదు రాయమన్నాను. నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు:

“అయ్యా, మూడో ఫారంలో ‘క్షమించండి’ అనే మాట ‘క్షమించకండి’ అని అచ్చయింది. నేను దిద్ది ఇచ్చిన ప్రూఫులో ఈ తప్పు లేదు. కాపీ జత చేస్తున్నాను. పొరపాటు నాది కాదని రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఇరవై రెండేళ్లుగా నేను దిద్దిన ప్రతి ప్రూఫుకూ ఒక కాపీ నా దగ్గర ఉంది.”

ఆ చివరి వాక్యం రాశాక పెన్ను దానంతటదే ఆగింది. ఇరవై రెండేళ్ల కాపీలు! తన తప్పు లేదని ఎప్పుడో ఎవరికో చూపించాల్సి వస్తుందని అన్నీ దాచుకుంటున్న మనిషి ఈమె. అలాంటి మనిషి కవరు చింపదు, చింపితే గుర్తు ఉండిపోతుంది. పారేయదు కూడా. అందిన తేదీ ఓ మూల చిన్నగా వేసి, బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. పద్నాలుగు పేజీల పట్టికకు దొరకని మనిషి నాలుగు లైన్ల ఆఫీసు కాగితంలో దొరికింది. అప్పట్నుంచీ ఏ పాత్ర మొరాయించినా ముందు దాని చేత ఫిర్యాదు ఉత్తరం రాయిస్తున్నాను. ప్రేమ గురించి రాయమంటే అందరూ ఒకేలా రాస్తారు, అదేంటో ఫిర్యాదులో మాత్రం ఎవరి బుద్ధి వాళ్లది బయటపడుతుంది.

ఒకే సంఘటనను ముగ్గురి చేత చెప్పించే కసరత్తు ఆ తర్వాతది. చాలామంది చెప్పేదే. నేను తమ్ముడు ఇల్లు వదిలిన రాత్రిని ఎంచుకున్నాను. అక్కది ఒక పేజీ. టైములతో సహా చెప్పింది, ఎంతైనా రికార్డు మనిషి. నాన్నది అరపేజీ కూడా రాలేదు. “వాడు తలుపు వేయకుండా పోయాడు. నేను లేచి వేయాల్సి వచ్చింది” అని ఊరుకున్నాడు. తమ్ముడిది నాలుగు పేజీలు. నన్ను కుదిపేసింది అందులోని ఒక చిన్న ముక్క.

అక్క చెప్పింది: “చీకట్లో తడుముకుంటాడని చెప్పులు గుమ్మానికి ఎదురుగా తిప్పి పెట్టాను.”

తమ్ముడు చెప్పింది: “ఉండరా అంటుందేమోనని అక్క వైపు చూశాను. వంగి నా చెప్పులు గుమ్మం వైపు తిప్పింది.”

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇరవై ఏళ్ల ఎడబాటుకు నేను ఆస్తి గొడవ లాంటి పెద్ద కారణం కోసం వెతుకుతున్నాను, మొదటి డ్రాఫ్టులో ఒకటి కల్పించాను కూడా. అదంతా అక్కర్లేదని ఆ రోజు తేలిపోయింది. జత చెప్పులు చాలు.

సంభాషణల కసరత్తుకు ఒకటే నియమం పెట్టుకున్నాను. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకోవాలి, కానీ నాన్న పేరు గానీ కవరు మాట గానీ ఎవరి నోటా రాకూడదు. ‘అంది’, ‘అన్నాడు’ కూడా ఉండకూడదు. మాటను బట్టే ఎవరిదో తెలియాలి.

“వస్తున్నట్టు కబురైనా చేయలేదేంరా.”

“చేస్తే తలుపు తీసేదానివా అక్కా?”

“తాళం మార్చలేదు. నీ దగ్గరున్న తాళంచెవే పడుతుంది.”

“ఎప్పుడో పారేశాను.”

“పారేశావా, పోగొట్టుకున్నావా?”

ఈ చివరి ప్రశ్న అడగగలిగేది ప్రూఫులు దిద్దే మనిషి ఒక్కతే అనిపించి ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

మనుషులు దొరికారు గానీ కథ నడవాలి కదా. నాలుగో వారం ప్లాట్ మీద పడ్డాను. సన్నివేశానికో అట్టముక్క చొప్పున 43 తయారయ్యాయి. ‘లోలిత’ రాసిన నబకోవ్ నవలలకు నవలలే కార్డుల మీద రాసేవాడట, ఆ ధీమాతో నేనూ వాటిని నేల మీద వరసగా పరిచాను. ఒక్కో ముక్క చదువుతూ మధ్యలో ‘ఆ తర్వాత’ అని కలుపుకుంటూ పోతే అన్నీ చక్కగా కలిసిపోయాయి. అసలు రోగం అక్కడే ఉంది. ‘ఆ తర్వాత’ పెడితే లోకంలో ఏదైనా దేనితోనైనా కలుస్తుంది. ఇంగ్లీషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో కేంబ్రిడ్జ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ తేడానే చెప్పాడు. రాజు చనిపోయాడు, తర్వాత రాణి చనిపోయింది అంటే అది కథ. ఆ దిగులుతో రాణి చనిపోయింది అంటే ప్లాట్. ఎప్పుడో చదివి, తెలిసిందేలే అనుకుని వదిలేసిన మాట. నేల మీద నా కార్డులు పరుచుకుని కూర్చుంటే గానీ తలకెక్కలేదు.

రెండోసారి ‘ఆ తర్వాత’ను నిషేధించాను. రెండు కార్డుల మధ్య ‘అందుకని’ అయినా రావాలి, ‘కానీ’ అయినా రావాలి. ఏదీ కుదరని కార్డు పక్కకి. 17 కార్డులు పక్కకి పోయాయి. అందులో నాకు ప్రాణమైన వాన సీను కూడా ఉంది. దాన్ని ఎలాగైనా ఇరికిద్దామని మూడు రోజులు తంటాలు పడ్డాను. ఒక దశలో వాన వల్ల కరెంటు పోయిందనీ, కరెంటు పోయినందువల్ల అక్కకు గతం గుర్తొచ్చిందనీ రాసుకున్నాను. మళ్లీ కిటికీ దగ్గరికే వస్తున్నానని అర్థమై దాన్ని వదిలేశాను.

మిగిలిన 26 కార్డులతో వెనక నుంచి ముందుకు నడిచాను. చివరి సన్నివేశం పట్టుకుని, ఇది జరగాలంటే దీనికి ముందు ఏం జరిగి ఉండాలి అని అడుగుతూ పోవడం. ముందు నుంచి చూస్తే కనిపించని కంతలన్నీ ఇలా చూస్తే కనిపిస్తాయి. తమ్ముడు కవరు కోసమే వచ్చాడు, బాగానే ఉంది. కవరు ఉందని అతనికి చెప్పిందెవరు? అక్క చెప్పదు. నాన్న లేడు. అలా నాన్నతో కలిసి పనిచేసిన ఒకాయన పుట్టుకొచ్చాడు. చివరి రోజుల్లో నాన్న చెయ్యి వణుకుతుంటే కవరు మీద పేరు రాసింది ఆయనే. మరి అలాగైతే ఆ చేతిరాత నాన్నది కాదు. అక్షరాలతోనే బతికే అక్కకు ఆ సంగతి తెలియకుండా ఉంటుందా? పైగా తమ్ముడి పేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయి ఉంటే? కవరు అసలు నాన్న ఇచ్చిందేనా అని ఆమెకు అనుమానం రావాలి. ఆరేళ్లు దాచుకున్నది నిజంగా తన దగ్గర ఉండాల్సినదేనా అని కూడా. ఒక్క కంత పూడ్చబోతే మూడు అధ్యాయాలకు సరిపడా మేత దొరికింది.

సంవత్సరాల పట్టిక వేయడం గంట పని. వేశాక, ఇల్లు వదిలేనాటికి తమ్ముడి వయసు పదకొండేళ్లని బయటపడింది. గబగబా ఇంకో ఎనిమిదేళ్లు కలిపాను. అమెరికన్ నవలాకారుడు విలియం ఫాక్నర్ ఒక నవల ప్లాన్‌ను వారంలో ఏ రోజు ఏం జరుగుతుందో విడదీసి, మిసిసిపీలో తన ఇంట్లో రాసుకునే గది గోడల మీదే రాసుకున్నాడు. నాకంత తెగింపు లేదు, కాగితం చాలు.

పాత్రల పోలికలతో ఫొటోలు ఏరడం, ఒక్కో పాత్రకు పాటల జాబితా తయారుచేయడం కూడా చేశాను. మూడు రోజులు భలే సరదాగా గడిచాయి. నవలకు ఒరిగింది ఏమీ లేదు.

ఆరో వారం చివరికి వచ్చేసరికి ఇంకో రెండు వారాలు పొడిగిద్దాం అనిపించింది. ఇంకా ఇద్దరు ముగ్గురి చేత ఉత్తరాలు రాయించలేదు కదా, పక్కింటావిడ సంగతి తేలలేదు కదా అని నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. నోట్‌బుక్‌లో ఏది రాసినా ఎవరూ తప్పుపట్టరు, అక్కడ ఉండిపోవడం సుఖం. అసలు పేజీ అంటే టెన్షన్. గడువు తేదీని మొదటి రోజే అట్ట మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోవడం వల్ల బతికిపోయాను.

రాయడం మొదలుపెట్టాక ప్లాన్ అరవయ్యో పేజీ దాకా బుద్ధిగా నడిచింది. అక్కడ తమ్ముడు కవరు ఇవ్వమని అడగాలి, కార్డు మీద అలాగే ఉంది. ఎంత రాసినా వాడు అడగడు. భోజనం చేస్తాడు, నిద్రపోతాడు, అడగడు. వారం రోజులు కుస్తీ పట్టి, సరే నీ ఇష్టం అని తొమ్మిది కార్డులు మార్చి రాసుకున్నాను. వాడు అడగకపోతే ఇక కదలాల్సింది ఆమే.

మొన్న 84వ పేజీ వచ్చింది. రాత్రి, అక్క గది. ఆ గదికి కిటికీ లేదు, కావాలనే పెట్టలేదు. బీరువా తాళం తీసి కవరు బల్ల మీద పెట్టుకుంది. చింపడం లేదు. ఎర్ర పెన్ను మూత తీసి, తమ్ముడి పేరులో ఎగిరిపోయిన దీర్ఘాన్ని దిద్దుతోంది.