ఒక్క ఈమెయిల్ చాలట

హ్యూస్టన్‌లో ఉంటూ గాలి గురించి పట్టించుకోకుండా ఉండటం కష్టం. చమురు రిఫైనరీలున్న పాసడీనా వైపు వెళ్తే కారు అద్దాలు ఎక్కించినా కుళ్లిన గుడ్ల వాసన లోపలికి వచ్చేస్తుంది. మా ఆయన ఉద్యోగం ఆ రిఫైనరీల చుట్టుపక్కలే, అందుకని ఇంట్లో ఈ మాట ఎత్తితే గొడవే.

2025 మార్చిలో ఈపీఏ, అంటే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, పెట్టిన నోటీసు చదివి నాకు ముందు నవ్వొచ్చింది. విషవాయువుల నిబంధనల నుంచి మినహాయింపు కావాల్సిన కంపెనీలు నెలాఖరులోగా ఈమెయిల్ పంపితే చాలట! మా వీసా కాగితాల్లో ఒక్క అక్షరం తేడా వస్తే నెలల తరబడి తిరగాలి. ఏప్రిల్‌లో ట్రంప్ సంతకం పెట్టేశారు. పదుల కొద్దీ బొగ్గు విద్యుత్ కేంద్రాలకు 2024 నాటి పాదరసం నిబంధనల నుంచి 2 ఏళ్ల వెసులుబాటు.

ఇదేం కొత్త కాదులెండి. ట్రంప్ మొదటి విడత పాలనలోనే, 2018లో ఈపీఏ పగ్గాలు అందుకున్న ఆండ్రూ వీలర్ అంతకుముందు ముర్రే ఎనర్జీ అనే బొగ్గు కంపెనీకి లాబీయిస్టు, అంటే డబ్బు తీసుకుని కంపెనీ తరఫున ప్రభుత్వాన్ని ఒప్పించేవాడు. ఆ మరుసటి ఏడు ఇంటీరియర్ మంత్రి (ప్రభుత్వ భూములు చూసే మంత్రి) అయిన డేవిడ్ బెర్న్‌హార్ట్ చమురు కంపెనీల తరఫున పనిచేసినవాడే. ఇందులో రహస్యమేమీ లేదు. లాబీయింగ్‌కి ఎవరు ఎవరికెంత ఇచ్చారో మూడు నెలలకోసారి లెక్క దాఖలు చేస్తారు, ఎవరైనా చూసుకోవచ్చు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

భూమిని వేడెక్కించే గ్రీన్‌హౌస్ వాయువులు ప్రజారోగ్యానికి హాని అని 2009లో ఈపీఏ తేల్చినదాన్ని కూడా ఎత్తేస్తామంటే, 2025 ఆగస్టులో ఆన్‌లైన్ విచారణ కాసేపు విన్నాను. తర్వాత నా అభ్యంతరం రాసి పంపాను, రెండు పేజీలు. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.