వెంబీ గొప్పా, యాంట్ గొప్పా? ఇంట్లో ఈ వాదనకు దిగే ముందు

పిల్లాడు ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, పిచ్చిలో పడ్డాడంటే ఆ ఇంట్లో చీకటితోనే అలారం మోగుతుంది. శాన్ ఆంటోనియోలో రాత్రి 7 గంటల మ్యాచ్ చలికాలంలో మనకు ఉదయం 6:30. స్కూలు బస్సు వచ్చేలోగా రెండో క్వార్టర్ కూడా పూర్తికాదు. మిగతా ఆటంతా బస్సులో తోటివాళ్లతో సగం ఇంగ్లిషు, సగం తమిళంలో వాదించుకోవడమే. సాయంత్రానికి ఆ తగువు ఇల్లు చేరుతుంది: "నాన్నా, ముందుముందు ఎవరు గొప్పవాడవుతాడు? వెంబీనా, యాంటా?"

చెన్నై తెలుగిళ్లలో దీనికి వచ్చే జవాబులు ఎక్కువగా రెండే. ఒకటి, "ఆ గోల మనకెందుకురా, లెక్కలు చూసుకో." దాంతో మాట తెగిపోతుంది, వాదన ఫోన్లోకి వెళ్లిపోతుంది, మనకు ఇక వినపడదు. రెండోది ఇంకా అన్యాయం: రెండు నిమిషాల హైలైట్లు చూసేసి తీర్పు చెప్పడం. హైలైట్లలో డంకులు (బంతిని నేరుగా రింగులోకి దిగ్గొట్టడం), బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ను చేత్తో ఆపడం) తప్ప ఏమీ ఉండవని పన్నెండేళ్లవాడికి బాగా తెలుసు. మనం ఏం చూసి మాట్లాడుతున్నామో ఒక్క వాక్యంలో పట్టేస్తాడు. కాబట్టి దిగితే తెలిసి దిగాలి.

వెంబీ అంటే విక్టర్ వెంబన్యామా. ఫ్రాన్స్‌వాడు, 2004 జనవరిలో పుట్టాడు, 224 సెంటీమీటర్ల సెంటర్, అంటే రింగు దగ్గర కాపు కాసే పొడుగువాడు. 2023 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే చోట, శాన్ ఆంటోనియో స్పర్స్ మొదటి పిక్. యాంట్ అంటే యాంథనీ ఎడ్వర్డ్స్. 2001లో పుట్టాడు, 193 సెంటీమీటర్ల గార్డు (బంతి తెచ్చి ఆట నడిపేవాడు), 2020లో మినెసోటా టింబర్‌వుల్వ్స్ మొదటి పిక్. 2024-25 సీజన్‌లో వెంబీ ఆటకు సగటున 24.3 పాయింట్లు, 11 రీబౌండ్లు (పడని షాట్ల బంతి అందుకోవడం), 3.8 బ్లాకులు తీశాడు. అదే సీజన్‌లో యాంట్ సగటు 27.6 పాయింట్లు, పైగా దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు 320తో లీగ్‌లో మొదటివాడు. ఈ అంకెలు మీ పిల్లలకు కంఠతా వచ్చు, అంకెలతో వాళ్లను గెలవలేరు. వాళ్లు చూడనిది చూడాలి.

స్పర్స్ ఆటలో ప్రత్యర్థి గార్డు స్క్రీన్ (తన జట్టువాడు అడ్డు నిలబడి ఇచ్చే దారి) దాటి లోపలికి వస్తున్నప్పుడు బంతిని వదిలేసి వెంబీ కాళ్లను చూడండి. అతను గార్డు మీదికి ఉరకడు. రింగుకూ ఫ్రీత్రో గీతకూ (ఫౌల్ అయితే షాట్ వేసే గీత) నడుమ, ఒక చెయ్యి పైకెత్తి, వెనక్కి అడుగులు వేస్తూ ఉంటాడు. గార్డుకు దారి కనపడుతూనే ఉంటుంది. రెండు డ్రిబుల్స్ వేస్తాడు, తల ఎత్తి చూస్తాడు, బంతి పట్టుకుని మళ్లీ బయటికి వచ్చేస్తాడు. ఆ వెయ్యని షాట్ ఏ పట్టికలోనూ ఎక్కదు. ఒక క్వార్టర్ పాటు కాగితం మీద గీతలు పెట్టి, లోపలికి వచ్చి షాట్ వెయ్యకుండా తిరిగిపోయినవాళ్లను లెక్కపెట్టమనండి. వెంబీ బెంచి మీద ఉన్న నిమిషాల్లోనూ అదే లెక్క తియ్యమనండి. సెంటర్ పక్షానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. గార్డు ఎంత మొనగాడైనా ఎక్కువసేపు కాపు కాసేది ఒక్కడినే, సెంటర్ మాత్రం రింగు వైపు వచ్చే అయిదుగురికీ అడ్డమే.

గార్డు పక్షం బలం వేరేచోట ఉంది. బంతి మొదట అతని చేతికే వస్తుంది, సెంటర్‌కు ఎవరో ఒకరు అందించాలి. ఆఖరి రెండు నిమిషాల్లో సెంటర్ మీదికి ఇద్దర్ని తోసి బంతి అందకుండా చెయ్యవచ్చు. గార్డు అయితే సగం కోర్టు అవతల నుంచే ఆట నడుపుతాడు.

రూల్స్ కూడా చాలాకాలం గార్డులకే కలిసొచ్చాయి. 2001-02లో జోన్ డిఫెన్స్‌ను, అంటే మనిషిని కాకుండా చోటును కాపు కాయడాన్ని, అనుమతించారు. అప్పటిదాకా లోపల వీపు ఆనించి ఒంటరిగా ఆడుకునే సెంటర్ చుట్టూ జనం చేరిపోయారు. 2004-05 నుంచి బయట గార్డు మీద చెయ్యి వేసి ఆపడాన్ని గట్టిగా ఫౌల్ ఇవ్వసాగారు. ఫలితం చూడండి: 2000లో షకీల్ ఓనీల్‌కు ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు) వచ్చాక, సెంటర్‌గా పేరుపడ్డవాడికి మళ్లీ ఆ అవార్డు రావడం 2021లో, నికోలా యోకిచ్‌కు. అక్కణ్నుంచి వరసగా 2024 దాకా సెంటర్లదే: యోకిచ్‌కు మూడు, జోయెల్ ఎంబీడ్‌కు ఒకటి. 2025లో షే గిల్జస్-అలెగ్జాండర్ అనే గార్డు ఎంవీపీ, టైటిల్ రెండూ పట్టుకుపోయాడు.

తిరిగొచ్చిన సెంటర్లు పాత సెంటర్లు కారు, అసలు కిటుకు అక్కడుంది. యోకిచ్ గార్డులా పాస్ ఇస్తాడు. వెంబీ ఆ 2024-25లో ఆటకు దాదాపు 9 మూడు పాయింట్ల షాట్లు వేశాడు, 35 శాతం పడ్డాయి. ఫ్రీత్రోలూ బాగా వేస్తాడు కాబట్టి, ఓనీల్‌ను చేసినట్టు కావాలని ఫౌల్ చేసి లైన్ దగ్గరికి పంపడం కుదరదు.

ఇక ఒళ్లు. ఇంత ఎత్తువాళ్ల చరిత్ర భయపెట్టేదే. 229 సెంటీమీటర్ల యావ్ మింగ్ పాదం ఎముకల దెబ్బలతో 2011లో ఆట మానేశాడు. 2007లో మొదటి పిక్ గ్రెగ్ ఓడెన్ మోకాళ్లతో 105 ఆటలకే ముగిశాడు. ఎత్తు పెరిగేకొద్దీ బరువు పెరిగినంత వేగంగా ఎముక మందం పెరగదు. వెంబీకి మాత్రం వచ్చింది ఎముక కష్టం కాదు. 2025 ఫిబ్రవరిలో కుడి భుజంలో రక్తం గడ్డకట్టి, ఆ సీజన్ 46 ఆటలకే ఆగిపోయింది. లీగ్ అవార్డులకు 65 ఆటలు ఆడి ఉండాలన్న నిబంధన 2023-24 నుంచి ఉంది కాబట్టి, అంతదాకా అందరూ అతనికే అనుకున్న డిఫెన్స్ అవార్డుకు పోటీలోనే లేకుండా పోయాడు. యాంట్ 2022 నుంచి 2025 దాకా మూడు సీజన్లూ 79 ఆటల చొప్పున ఆడాడు. అయితే గార్డులకు ఏమీ కాదనుకోవద్దు. డెరిక్ రోజ్ 22 ఏళ్లకే 2011లో ఎంవీపీ అయ్యాడు, మరుసటి ఏడాది ఏప్రిల్లో మోకాలు లిగమెంట్ తెగింది.

నా మటుకు నేను, ఒళ్లు సహకరిస్తే వెంబీయే అంటాను. పందెం కాయాల్సి వస్తే డబ్బు యాంట్ మీద పెడతాను. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డం కావు. పిల్లలు మాత్రం దీన్ని తప్పించుకోవడం అంటారు, అననివ్వండి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఈ వాదన కోర్టులోకి దిగినప్పుడు. వెంబీ అభిమాని అయిన పొడుగు పిల్లాడిని స్కూలు జట్టులో సార్ తీసుకెళ్లి రింగు కింద నిలబెడతాడు. దానికి కారణం ఉంది. మన స్కూలు మ్యాచ్‌లు ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌తో జరుగుతాయి. ఎన్‌బీఏలో ఉన్నట్టు డిఫెండర్‌కు లోపల మూడు సెకన్ల హద్దు ఫీబాలో లేదు. పొడుగువాడు రింగు కిందే పాతుకుపోయినా ఎవరూ ఏమీ అనరు, అండర్-14 మ్యాచ్‌లు నెగ్గుతారు. పిల్లాడు రెండేళ్లు బంతి డ్రిబుల్ చెయ్యకుండా గడిపేస్తాడు. తీరా చూస్తే తోటివాళ్లంతా 16 ఏళ్లకు అతన్ని అందుకుంటారు. ముందుగా పెరిగాడు తప్ప ఎక్కువ పెరగలేదు.

ఇంట్లోనే అంచనా వేసుకోవచ్చు. అమ్మ ఎత్తు, నాన్న ఎత్తు సెంటీమీటర్లలో కూడండి. అబ్బాయికి 13 కలపండి, అమ్మాయికి 13 తీసెయ్యండి, రెండుతో భాగించండి. నాన్న 170, అమ్మ 156 అయితే అబ్బాయి 169.5 దగ్గర ఆగుతాడు, అటూఇటూ ఓ 8 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకు సెంటర్ స్థానం ఎక్కడా లేదు. ఎత్తు ఉన్నంతమాత్రాన చాలదని కూడా గుర్తుంచుకోండి: 218 సెంటీమీటర్ల సత్నామ్ సింగ్ 2015లో 52వ పిక్‌గా ఎన్‌బీఏ డ్రాఫ్టుకెక్కిన తొలి భారతీయుడు, కానీ రెగ్యులర్ సీజన్‌లో ఒక్క ఆటా ఆడలేదు. ఎదురు ఉదాహరణ ఎన్‌బీఏ స్టార్ ఆంథనీ డేవిస్. హైస్కూల్లో గార్డుగా ఆడుతుండగా ఒక్కసారిగా పొడుగు పెరిగి పొడుగువాళ్ల స్థానంలోకి వెళ్లాడు, గార్డు చేతివాటం వెంట తీసుకెళ్లాడు. అందుకని వాదనలో మీరు ఏ పక్షమైనా సరే, పిల్లలకు మాత్రం గార్డు పనే నేర్పించండి. సార్‌తో తగువు అక్కర్లేదు. "మ్యాచ్‌లో మీ ఇష్టం సార్, ప్రాక్టీసులో మాత్రం బంతి తెచ్చే పని కూడా ఇప్పించండి" అంటే చాలామంది ఒప్పుకుంటారు.

బంతి సైజు దగ్గరే సగం పాడవుతుంది. పదకొండేళ్ల లోపు 5 నంబరు, పన్నెండు దాటిన అమ్మాయిలకు ఎప్పటికీ 6, అబ్బాయిలకు 13, 14 దాకా 6, ఆ తర్వాత 7. అన్నయ్య 7 నంబరు బంతి తమ్ముడికి ఇచ్చారో, 600 గ్రాముల బరువు 3.05 మీటర్ల రింగు దాకా విసరలేక నడుము దగ్గర నుంచి తోస్తాడు, మోచెయ్యి బయటికి పోతుంది, ఆ అలవాటు వదలదు. సిమెంట్ కోర్టుకు రబ్బరు బంతే కొనండి. ఖరీదైన తోలు రకం నెలల్లో నున్నగా అరిగి చేతిలో జారుతుంది.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. మొదటి అయిదు నిమిషాలు ఎడమచేత్తో డ్రిబుల్. మీరు ఎదురుగా నిలబడి వేళ్లు చూపించండి, వాడు బంతి చూడకుండా ఆ అంకె తెలుగులో అరవాలి. రెండు చేతులూ చూపిస్తే కూడి చెప్పాలి. ఇంగ్లిషు మీడియం పిల్లలు ఏడు, ఎనిమిది దగ్గర తడబడతారు, ఆ తడబాటులోనే బంతి కాలికి తగిలి పోతుంది. రెండో వారానికి రెండూ కుదురుకుంటాయి. తర్వాత రింగు కింద అటొకటి ఇటొకటి, రెండు చేతులతోనూ పది పది లే-అప్‌లు (రింగు దగ్గరికి వెళ్లి మెల్లగా వేసే షాట్లు). ఆఖర్న మీటరు దూరం నుంచి ఒంటిచేత్తో ఇరవై షాట్లు.

అక్టోబర్లో ఎన్‌బీఏ మొదలైనప్పుడే మనకు ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. పెయింట్ వేసిన కోర్టు తడిస్తే నూనె పోసినట్టే, డిసెంబర్ దాకా లే-అప్‌లు ఆపేసి బేస్‌మెంట్‌లో డ్రిబుల్‌తో సరిపెట్టుకోండి. సెక్యూరిటీ అణ్ణా రాత్రి ఎనిమిది తర్వాత ఒప్పుకోడు, అది వేరే సంగతి. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద బుడిపె నొప్పి అంటే గంతులు తగ్గించండి, కుంటితే డాక్టరుకు చూపించండి.

అమ్మాయి ఉన్నవాళ్లు ఒక పేరు చెప్పి ఉంచండి: అనిత పాల్‌దురై. చెన్నై అమ్మాయే, 19 ఏళ్లకే దేశ జట్టుకు కెప్టెన్, 2021లో పద్మశ్రీ.

ఇక నెల్లూరు నుంచి వీడియో కాల్‌లో తాతయ్య, "తాటిచెట్టంత ఉన్నోడు బంతి వేస్తే వింతేముందిరా?" అంటాడు. ఇంగ్లిషు, తమిళం రెండిట్లోనూ గెలిచిన వాదన ఇక్కడ ఓడిపోతుంది. మీరు మధ్యలో దూరి తర్జుమా చెయ్యకండి. అంకెలు వాడకుండా తాతయ్యను ఒప్పించమనండి. ఊళ్లో వాలీబాల్ చూసిన మనిషికి బంతి ఎత్తి ఇచ్చేవాడు గార్డు, నెట్ దగ్గర చేతులెత్తి నిలబడేవాడు సెంటర్ అని చెబితే మిగతాది ఆయనే అడుగుతాడు. రేపు మనవరాలు తమిళనాడు జట్టులో ఆంధ్ర మీద ఆడితే తాతయ్య ఎవరి పక్షమో, ఆ ప్రశ్న అప్పటికి వదిలెయ్యండి.

రెగ్యులర్ సీజన్ ఏప్రిల్ మధ్యలో ముగుస్తుంది, అప్పటికి పరీక్షలు కూడా అయిపోయి ఉంటాయి. ఆ వారం ఇద్దరి ఆటల లెక్క తీసి, 65 ఎవరు దాటారో చూసి, అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు.