కొత్త .308 రైఫిల్: పక్కకు జరిగిన మర రంధ్రాలతో నా తంటా

ఆగస్టు, మొదటి వారం

టెక్సస్‌లో వైట్‌టెయిల్ జింకల సాధారణ సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఆలోపు గురి కుదిర్చి పెట్టుకుందామని .308 కాలిబర్ బోల్ట్ రైఫిల్ (ఒక్కో గుండుకు చేత్తో గడియ లాగి మూసేది) కొన్నాను. మధ్యరకం ధర, నల్లటి ప్లాస్టిక్ స్టాక్ (పిడి), 22 అంగుళాల బ్యారెల్. దాని మీద 4–12 రెట్లు పెద్దది చేసి చూపే స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించాను.

కొత్త తుపాకీకి గుండు వేసే ముందే కంటితో వరస చూసుకోవడం నా అలవాటు. ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని వేలితో తడిమి చూసి, బోల్ట్ బయటికి తీసి, తుపాకీని ఇసుక సంచుల మీద కదలకుండా కూర్చోబెట్టాలి. 25 గజాల దూరంలో నల్లచుక్క ఉన్న కాగితం పెట్టి, బ్యారెల్ వెనక నుంచి చూస్తూ చుక్కను సరిగ్గా రంధ్రం మధ్యలోకి తెచ్చుకోవాలి. తుపాకీని ముట్టుకోకుండా అప్పుడు స్కోప్‌లోంచి చూడాలి. క్రాస్‌హెయిర్ (స్కోప్‌లో కనిపించే అడ్డ, నిలువు గీతల కూడలి) చుక్కకు అంగుళం అటూ ఇటూ ఉంటే నిశ్చింత. నాది ఎడమవైపు కాగితం అంచుకు పోయి కూర్చుంది. చుక్కకు గురిపెట్టి కాలిస్తే గుళ్ళన్నీ కుడివైపు అయిదున్నర అంగుళాల దూరంలో ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. గుత్తి మాత్రం ముద్దొచ్చేలా ఉంది. అంటే బ్యారెల్ మంచిదే. గుడ్డిలో మెల్ల.

లెక్క ఇదీ. 25 గజాల దగ్గర అయిదున్నర అంగుళాలంటే 100 గజాల దగ్గర 22 అంగుళాలు, అంటే 21 నిమిషాల కోణం. (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం, 100 గజాల దగ్గర అది 1.047 అంగుళాలు.) నా స్కోప్ అడ్డంగా మొత్తం 40 నిమిషాలే కదులుతుంది, మధ్య నుంచి చెరోవైపు 20. స్కోప్ మీది మర ఒక్క క్లిక్కు తిప్పితే పావు నిమిషం. 80 క్లిక్కులూ తిప్పేసినా 100 గజాల దగ్గర గుండు ఇంకా అంగుళం కుడికే పడుతుంది. పైగా స్కోప్ లోపల కదిలేది గుండ్రటి గొట్టంలో ఇంకో గొట్టం. అది ఒక పక్క గోడకు పూర్తిగా ఆనిపోతే పైకీ కిందికీ కదిలే చోటు కూడా దాదాపు ఉండదు.

ఆగస్టు, చివర

తప్పు ఎవరిదో తేల్చకుండా కంపెనీకి ఫోన్ చేస్తే, ముందు అడిగేది ‘స్కోప్ మంచిదేనా’ అనే. అందుకని ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ వచ్చాను. పాత రైఫిల్ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన స్కోప్‌ను దీనికి మార్చాను: గుళ్ళు అక్కడే. స్కోప్‌ను పట్టుకునే రింగులు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాను: అక్కడే. రింగుల కింద ఉండే దిమ్మలను, అంటే బేస్‌లను, 180 డిగ్రీలు తిప్పి బిగించాను: లోపం వాటిలో ఉంటే గుళ్ళు ఎడమవైపుకు దూకాలి, దూకలేదు. బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య డాలరు నోటు దూర్చి చివరిదాకా లాగాను, ఎక్కడా పట్టలేదు. ఇక మిగిలింది రిసీవర్ (బ్యారెల్ బిగించి, బోల్ట్ కదిలే లోహపు భాగం), దాని నెత్తిన బేస్‌లను బిగించే మర రంధ్రాలు.

తుపాకులు బాగుచేసే మెకానిక్ దగ్గర మొనదేలిన రెండు ఉక్కు కడ్డీలుంటాయి. స్కోప్ తీసేసి వాటిని ముందు రింగులో ఒకటి, వెనక రింగులో ఒకటి ఎదురెదురుగా పెడతాడు. రంధ్రాలు తిన్నగా ఉంటే రెండు మొనలూ ఒకదాన్నొకటి ముద్దాడాలి. నా రైఫిల్ మీద అవి ఎడముఖం పెడముఖంగా నిలబడ్డాయి. వెనక బేస్ కుడికి 0.7 మిల్లీమీటర్లు జరిగి ఉంది. రింగుల మధ్య దూరం 114 మిల్లీమీటర్లు. భాగిస్తే వచ్చేది సరిగ్గా ఆ 21 నిమిషాలే. కాగితం మీది రంధ్రాలూ ఉక్కు మీది రంధ్రాలూ ఒకే మాట చెప్పాక ఇక వాదనకు తావేముంది!

కొన్న దుకాణంవాళ్ళు చేతులు దులుపుకున్నారు. తుపాకీ కొనేవాళ్ళు నింపే ఫెడరల్ ఫారం 4473 మీద సంతకం పెట్టి గడప దాటించిన తుపాకీ వాళ్ళ లెక్కలో వాడిన సరుకే. ఆఫీసులో వేటకు తోడొచ్చే ఖమ్మం కుర్రాడు, “అన్నా, ఆఫ్‌సెట్ రింగులు వేసేయండి, సీజన్‌కి అందుతుంది” అన్నాడు. లోపల ప్లాస్టిక్ ఇన్సర్టులుండే ఆ రింగులతో ఈ తేడాను నిజంగానే సర్దవచ్చు. పాత తుపాకీ అయితే నేనూ అదే చేసేవాణ్ణి. కొత్తదానికి పూర్తి వెల కట్టి, కంపెనీ చేయాల్సిన పనికి నేను మళ్ళీ డబ్బు పెట్టడం ఏమిటి? ఆ రింగులు వేసి రేపు అమ్మబోతే కొనేవాడికేం చెప్పాలి?

సెప్టెంబరు

చాలామందికి తెలియని సంగతి ఒకటి. అమెరికాలో వినియోగదారుల వస్తు భద్రతా కమిషన్‌కు తుపాకుల మీద అధికారం లేదు. 1972 చట్టంలోనే వాటిని మినహాయించారు. బొమ్మ తుపాకీలో లోపముంటే ఆ సంస్థ వెనక్కి రప్పించగలదు, అసలు తుపాకీని రప్పించలేదు. కాబట్టి మనకు దిక్కు కంపెనీ వారంటీ విభాగమే.

మరమ్మతుకు తుపాకీని యజమాని నేరుగా తయారీదారుకు పంపవచ్చు, వాళ్ళు నేరుగా ఇంటికే తిప్పి పంపవచ్చు. మధ్యలో లైసెన్సు డీలరు అక్కర్లేదు. అయితే కొరియర్ సంస్థలు మామూలు మనుషులు సొంతంగా తెచ్చే తుపాకులను తీసుకోవు, కాబట్టి కంపెనీ పంపే లేబుల్ అడిగి తెప్పించుకోవాలి. స్కోప్, రింగులు, బేస్‌లు, బెల్టు అన్నీ విప్పేశాను. తూటా ఒక్కటి కూడా పెట్టెలో ఉండకూడదు. సీరియల్ నంబరు, అన్ని వైపుల ఫోటోలు, బిల్లు నకలు, టార్గెట్ కాగితం, మెకానిక్ కొలతలు, ఒక పేజీ ఉత్తరం. ట్రిగ్గర్ జోలికి వెళ్ళలేదు, ఆకురాయి పెట్టలేదు. వారంటీ కాదనడానికి వాళ్ళకు అంతకంటే మంచి సాకు దొరకదు.

తిరిగొచ్చిన పెట్టెలో మూడు గుళ్ళ గుత్తి ఉన్న కాగితం, ‘కచ్చితత్వం ప్రమాణాలకు లోబడి ఉంది’ అనే చీటీ. రోగం ఒకటి, మందు ఒకటి! గుత్తి బాగోలేదని నేనెప్పుడన్నాను? రంధ్రాల వైపు ఎవరూ కన్నెత్తి చూసిన దాఖలా లేదు.

రెండో ఉత్తరంలో కథంతా తీసేసి ఒక్క ప్రశ్న రాశాను: బ్యారెల్ అక్షం నుంచి వెనక మర రంధ్రాల కేంద్రం ఎంత పక్కకు ఉండవచ్చని మీ డ్రాయింగు చెబుతోంది, నా తుపాకీలో ఎంత ఉంది? ఆ అంకెలు రెండూ రాసి పంపండి. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు. కానీ సర్వీసు మేనేజరు స్వయంగా ఫోన్ చేసి, రిసీవర్ మారుస్తామని చెప్పి లేబుల్ పంపాడు. పొడుగు ఉత్తరం ఎవరూ చదవరు. అంకె అడిగితే ఎవరో ఒకరు లేచి కొలవక తప్పదు.

రిసీవర్ మారితే సీరియల్ నంబరూ మారుతుంది. అదే రకం తుపాకీని బదులుగా ఇచ్చినా తయారీదారు నేరుగా యజమానికే పంపవచ్చు, మళ్ళీ 4473 నింపే పని లేదు. బీమా కాగితాల్లో నంబరు మాత్రం మనమే మార్పించుకోవాలి. ఇంకో మాట: నేను గ్రీన్‌కార్డు మీద ఉన్నాను. హెచ్-1బీ వంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనాలన్నా, దగ్గర ఉంచుకోవాలన్నా ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందులో ఒక మినహాయింపు. ఆ లైసెన్సు గడువు తీరనివ్వకండి.

అక్టోబరు

కొత్త రిసీవర్‌తో వచ్చింది. కడ్డీల మొనలు ముద్దాడాయి. బేస్ మరలకు నీలం జిగురు చుక్క వేసి, టార్క్ రెంచితో కాగితంలో చెప్పిన 20 అంగుళం-పౌన్లకు బిగించాను. స్కోప్ మధ్యలో ఉండగా మొదటి గుండు చుక్కకు అర అంగుళం పక్కన పడింది, ఎనిమిది క్లిక్కులతో సరిపోయింది. తర్వాత 100 గజాల దగ్గర గుళ్ళు కేంద్రానికి 2 అంగుళాలు పైన పడేలా పెట్టాను. 150 గ్రెయిన్ల బరువు గుండున్న తూటాతో 200 గజాల దగ్గర అవి దాదాపు కేంద్రానికే దిగుతాయి. మేం లీజుకు తీసుకున్న చోట జూనిపర్ పొదల మధ్య 150 గజాలకు మించి చూపు ఆనదు, ఇది చాలు.

మిగిలిన పేచీ ఒకటుంది. వంకర రింగులు స్కోప్ గొట్టాన్ని కొరికి నెలవంకల్లాంటి గీతలు పెట్టాయి. పరిహారం అడిగితే, ఇతర సంస్థల పరికరాలకు మా వారంటీ వర్తించదని రాశారు. గీతల లోతు కొలిపించి మళ్ళీ రాశాను. ఇంకా జవాబు రాలేదు.