అటకలో పరుపులు పరచిన రోజు

ఈ రోజంతా అటకలోనే గడిచింది. ఎండ ముదిరితే పైకప్పు కింద నిలవలేమని పొద్దున్నే నిచ్చెన వేసుకుని, మాస్కులు, చేతి తొడుగులు తగిలించుకుని నేనూ తమ్ముడూ పైకెక్కాము. సీలింగులోంచి పైకి వచ్చే తీగల చుట్టూ, గొట్టాల చుట్టూ ఉన్న సందులను నిన్ననే పూడ్చేశాము కనుక మిగిలిన పని వేడిని అడ్డుకునే ఇన్సులేషన్, అంటే గాజు దారాలతో చేసిన ఫైబర్‌గ్లాస్ పరుపులు పరచడమే.

కట్టగా ఉన్నప్పుడు ఇంత కాస్త సరుకు ఏ మూలకు వస్తుందనిపించింది. ప్లాస్టిక్ కవరు కోయగానే లోపల అణిగి ఉన్న పరుపు పొంగి, కాసేపటికి 6.25 అంగుళాల మందానికి వచ్చింది. దాని మీద ముద్రించిన ఆర్-విలువ 19. వేడి ప్రవాహానికి అది ఎంత అడ్డు నిలుస్తుందో చెప్పే ఈ అంకె, పరుపు ఆ మందంలో నిలిచి ఉన్నంతవరకే చెల్లుతుంది. దూలాల నడుమ ఒక పొర, దూలాలకు అడ్డంగా వాటిని కప్పుతూ మరో పొర వేసి 38కి చేరాలన్నది మా లెక్క. కాగితం అంటించిన పరుపు రెండోసారి కూడా వేస్తే పొరల మధ్య తేమ చిక్కుకుంటుంది కాబట్టి పై పొరకు కాగితం లేనిదే తెచ్చాము.

చిక్కల్లా సామాను పెట్టుకోవడానికి పలకలు బిగించే చోట వచ్చింది. అక్కడ దూలాల లోతు 5.5 అంగుళాలే. నేను చూరు దగ్గర ఉండగా తమ్ముడు రెండు పొరలనూ అక్కడే కుక్కి, పలక పెట్టి, మోకాలితో అదిమి స్క్రూలు బిగించేశాడు. “సరుకంతా లోపలే ఉంది కదా అన్నయ్యా, ఎక్కడికి పోతుంది?” అన్నాడు.

వాడి మాట పూర్తిగా తప్పని చెప్పలేకపోయాను. నొక్కితే ఇన్సులేషన్ పాడైపోతుందని చాలామంది అంటారు కానీ అసలు సంగతి అంత సూటిగా లేదు. 6.25 అంగుళాల పరుపును 5.5కు అదిమితే ఆర్-విలువ 18 వస్తుంది, 3.5కు అదిమితే 13 వస్తుంది. అంటే అంగుళానికి 3 చొప్పున ఉన్నది 3.7 దాకా పెరుగుతోందన్నమాట. దారాలు దగ్గరపడేకొద్దీ వాటి సందుల్లోంచి దూసుకుపోయే వికిరణం తగ్గుతుంది, గాలి కదలడానికి చోటూ తగ్గుతుంది. అయితే వేడిని ప్రధానంగా ఆపేది గాజు కాదు, దారాల మధ్య కదలకుండా నిలిచిన గాలి. ఆ గాలి గుండా సాగే వేడిని మాత్రం ఎంత నొక్కినా ఆపలేము. అంగుళానికి వచ్చే లాభం కొద్దిపాటిది, పోయే అంగుళాలే ఎక్కువ. రెండు పొరలను 5.5లో కుక్కినందుకు 20కి కాస్త పైన వస్తుందేమో గానీ 38 ఎన్నటికీ రాదు. ఒక్క పొర వేస్తేనే 18 వచ్చే చోట రెండో పరుపు దాదాపు దండగే.

“అంత చిన్న చోటు తక్కువైతే ఏమైంది?” అన్నాడు వాడు. అటకలో పదో వంతు 18గానూ మిగతాదంతా 38గానూ ఉంటే మొత్తం సుమారు 34కు దిగుతుందని అట్టముక్క మీద లెక్క వేసి చూపించాను. సగటు తీస్తే 36 రావాలి కదా అని వాడు గొణిగాడు. వేడి బలహీనమైన చోటనే ఎక్కువగా పోతుంది కాబట్టి ఆ సగటు ఇక్కడ పనికిరాదు.

చూరు దగ్గర నా పని కూడా తిన్నగా సాగలేదని ఒప్పుకోవాలి. వాసాలు కిందికి వాలే ఆ మూలలో పరుపు ఎత్తుకు చోటు చాలక, నేనూ తోసి తోసి దూర్చాను. తీరా చూస్తే చూరులోంచి గాలి వచ్చే దారి మూసుకుపోయి ఉంది. పరుపును వెనక్కి లాగి, గాలి పోయేందుకు సన్నని తొట్టిలాంటి పలకను వాసాలకు కొట్టి, పరుపు కొసను ఏటవాలుగా కోసి మళ్ళీ పెట్టాను. ఒక తీగ అడ్డు వచ్చిన చోట దాని కింద పరుపును అణచకుండా, మందాన్ని రెండు పొరలుగా చీల్చి ఒక సగం కిందా ఒక సగం పైనా వేశాను. ఈ రోజు నేను చేసిన పనుల్లో మనసుకు నచ్చింది ఇదొక్కటే.

సాయంత్రం తమ్ముడే తన పలకల స్క్రూలు విప్పాడు. చివరి స్క్రూ ఊడగానే పలక కాస్త పైకి లేచింది, దాని కింద పరుపులు నెమ్మదిగా ఉబ్బాయి. మోకాలు ఆనిన చోట మాత్రం చిన్న గుంట అలాగే ఉండిపోయింది. రేపు దూలాల మీద అడ్డంగా కర్రలు బిగించి పలకలను ఎత్తులో కూర్చోబెట్టాలి, మరో 7 అంగుళాలైనా కావాలి. కర్రలు కొలిచి కోయడం తన వంతని వాడే అన్నాడు.