ఈ అంకె మొదట ఎవరు చెప్పారు? కంపెనీల సమాచారం వెతకడంలో నా అనుభవం

మా సంస్థ విడిభాగాల సరఫరా కోసం మూడేళ్ల ఒప్పందం కుదుర్చుకోవాలనుకున్నప్పుడు, పోటీలో చివరి వరకూ మిగిలిన నాలుగు కంపెనీల గురించి నివేదిక తయారుచేసే పని నాకు అప్పగించారు. గడువు ఆరు వారాలు. సమాచారం దొరకదేమోనన్న బెంగ నాకు లేదు గానీ, దొరికిన దానిలో ఏది నమ్మదగినదో తేల్చుకోవడానికే ఆ గడువులో ఎక్కువ భాగం పోతుందని మాత్రం ఊహించలేదు.

మొదటి వారం అందరూ చేసే పనే నేనూ చేశాను. ఇంటర్నెట్‌లో పేర్లు వెతికి, కంపెనీల వివరాలు ఇచ్చే సైట్లు తిరగేసి, టర్నోవర్, ఉద్యోగుల సంఖ్య, స్థాపించిన సంవత్సరం అంటూ ఒక పట్టిక నింపాను. అందులో ఒక కంపెనీకి ఉద్యోగులు 1,200 మంది అని మూడు సైట్లలో కనిపించడంతో, ఆ గడి గురించి నాకు సందేహమే కలగలేదు. పట్టిక చూసిన మా పై అధికారి ఆ గడి మీదే వేలు పెట్టి, "ఈ అంకె మొదట ఎవరు చెప్పారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ఆ అంకె జాడ పట్టుకుని వెనక్కి వెళ్లాను. మొదటి సైటు రెండో సైటు నుంచి, రెండోదీ మూడోదీ ఒక వార్త నుంచి, ఆ వార్త నాలుగేళ్ల కిందట కంపెనీయే విడుదల చేసిన ప్రకటన నుంచి ఆ అంకెను తీసుకున్నాయి. ప్రకటన పూర్తిగా చదివితే, 1,200 అనేది కొత్త ప్లాంటు పూర్తయ్యాక చేరుకోవాలని వారు పెట్టుకున్న లక్ష్యం. ఆ మాట వార్తలో జారిపోయింది, అంకె మాత్రం మిగిలింది. ఆ రోజే పట్టికలో ప్రతి అంకె పక్కన మరో రెండు గడులు చేర్చాను: మొదట ఎవరు చెప్పారు, ఏ తేదీ నాటి మాట.

తరువాత ఎదురైన చిక్కు పేర్లది. మార్కెట్లో మనం పిలిచే పేరు వేరు, చట్టం గుర్తించే పేరు వేరు. ఒకే బ్రాండు కింద మాతృ సంస్థ, అనుబంధ సంస్థలు కలిసి అరడజను కంపెనీలు ఉండవచ్చు, ఒప్పందం మీద సంతకం చేసేది వాటిలో ఒకటే. అందువల్ల ఎవరి గురించి వెతుకుతున్నామో ముందు తేల్చుకోవాలి. వెబ్‌సైటు నియమ నిబంధనల పేజీలోనూ, వారు పంపిన కొటేషన్ కింది భాగంలోనూ పూర్తి పేరు, నమోదు సంఖ్య దొరికాయి. ఈ సంఖ్యలే ఎంతో చెబుతాయి. భారతదేశంలో నమోదైన కంపెనీకి ఇచ్చే 21 అక్షరాంకెల గుర్తింపు సంఖ్యలో మొదటి అక్షరం ఎల్ అయితే షేర్లు ఎక్స్ఛేంజీలో లిస్టయిన కంపెనీ అనీ, యు అయితే కాదనీ అర్థం. పరిశ్రమ కోడు, రాష్ట్రం తరువాత వచ్చే నాలుగంకెలు నమోదైన సంవత్సరం. "1996 నుంచి మీ సేవలో" అని చెప్పుకున్న కంపెనీ సంఖ్యలో ఆ చోట 2011 ఉంది. అది అబద్ధమని వెంటనే అనుకోకూడదు, పాత భాగస్వామ్య సంస్థ వ్యాపారాన్ని కొత్త కంపెనీ తీసుకుని ఉండవచ్చు. అడిగితే వారు చెప్పిన కారణం కూడా అదే. అయితే పదిహేనేళ్ల ఆర్థిక చరిత్ర మనకు కనబడదన్న సంగతి ఆ నాలుగంకెల వల్లే తెలిసింది. దేశాలు దాటి యాజమాన్యాన్ని పోల్చుకోవడానికి ఏ దేశపు సంస్థనైనా గుర్తించడానికి వాడే 20 అక్షరాంకెల ఎల్ఈఐ సంఖ్య ఉపయోగపడింది. ఏ కంపెనీకి మాతృ సంస్థ ఏదో ఆ వివరాలను గ్లీఫ్ అనే సంస్థ ఉచితంగా చూపిస్తుంది, కాకపోతే ఆ సంఖ్య అన్ని కంపెనీలకూ ఉండదు.

అసలు పత్రాల దగ్గరికి వచ్చాక పని నెమ్మదించింది. అమెరికాలో లిస్టయిన కంపెనీల 10-కె వార్షిక నివేదికలు అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ నడిపే ఎడ్గార్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. ముఖ్యమైన పరిణామం జరిగితే సాధారణంగా నాలుగు పనిదినాల్లో దాఖలు చేయవలసిన 8-కె పత్రాలూ అక్కడే ఉంటాయి. బ్రిటన్‌లో కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం కంపెనీస్ హౌస్ 2015 నుంచి తన దగ్గరి పత్రాలను ఉచితంగా అందిస్తోంది. అయితే అక్కడ చిన్న కంపెనీలు చాలావరకు బ్యాలెన్స్ షీటు మాత్రమే బయటపెడతాయి, లాభనష్టాల ఖాతా కనిపించదు. అలాంటి కంపెనీ టర్నోవర్ ఏదైనా సైటులో కచ్చితమైన అంకెగా కనిపిస్తే, అది చాలావరకు అంచనాయే అయి ఉంటుంది. పైగా ప్రభుత్వ రిజిస్టరులో ఉన్నంత మాత్రాన ప్రభుత్వం సరిచూసిందని అర్థం కాదు. కంపెనీస్ హౌస్‌కు అనుమానాస్పద సమాచారాన్ని ప్రశ్నించి తిరస్కరించే విస్తృత అధికారాలు వచ్చిందే 2024 మార్చిలో. ఆడిట్ జరిగిందన్న ధీమా కూడా చాలదు. జర్మనీకి చెందిన చెల్లింపుల సంస్థ వైర్‌కార్డ్ ఖాతాల మీద ఏళ్ల తరబడి ఆడిటర్ల సంతకాలు ఉన్నాయి, అందులో చూపిన 190 కోట్ల యూరోలు అసలు ఉండి ఉండకపోవచ్చని 2020 జూన్‌లో ఆ సంస్థే ఒప్పుకుంది. అయినా తప్పు రాస్తే చట్టం ముందు జవాబు చెప్పుకోవలసిన పత్రానికీ, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని ప్రచార పత్రానికీ నేను ఒకే విలువ ఇవ్వలేను.

నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పినవి ఖాతాల చివర చిన్న అక్షరాల్లో ఉండే నోట్స్. నాలుగో కంపెనీ లాభాలు మిగతా మూడింటి కన్నా బాగున్నాయి, నా పట్టికలో అదే మొదటి స్థానంలో ఉంది. సంబంధిత పక్షాలతో జరిపిన లావాదేవీల నోట్ చదివితే, అమ్మకాల్లో సగానికి పైగా ఒకే కొనుగోలుదారుకు జరిగినట్టు, ఆ కొనుగోలుదారు కంపెనీలో వీరి డైరెక్టరే డైరెక్టరుగా ఉన్నట్టు తెలిసింది. బకాయిల నోట్ చూస్తే ఆ కొనుగోలుదారు చెల్లించవలసిన మొత్తం రెండేళ్లుగా పెరుగుతోంది. నగదు ప్రవాహ నివేదిక కూడా అదే చెప్పింది: లాభం కాగితం మీద ఉంది, చేతికి డబ్బు రాలేదు. తనఖాల రిజిస్టరులో వెతికితే ఆరు నెలల కిందటే యంత్రాలన్నీ ఒక బ్యాంకుకు తాకట్టు పెట్టినట్టు నమోదై ఉంది. ఇందులో ఏదీ చట్టవిరుద్ధం కాదు, ఏదీ దాచినదీ కాదు. చివరి పేజీల దాకా చదివిన వారికి కనబడేలా వారే రాసిపెట్టారు.

ఈ దశలో నేనూ ఒక పెద్ద పొరపాటు చేశాను. ఒక కంపెనీకి అనుబంధ సంస్థలన్నీ కలిపిన ఖాతా, మరో కంపెనీకి దాని ఒక్కదాని ఖాతా తీసుకుని రెండింటినీ పక్కపక్కన పోల్చాను. నాలుగో వారం చివర అది గమనించి, మూడు రోజుల పని మళ్లీ చేశాను. ఆ తరువాత ఖాతా ఏ రకానిది, ఆర్థిక సంవత్సరం ఏ నెలతో ముగుస్తుంది, అంకెలు వేలల్లో ఉన్నాయా లక్షల్లో ఉన్నాయా అన్నవి చూడకుండా ఏ అంకెనూ పట్టికలోకి ఎక్కించలేదు.

పత్రాలు చెప్పలేని సంగతుల కోసం ఆ కంపెనీల దగ్గర సరుకు కొంటున్న వారితో ఫోనులో మాట్లాడాను. ఎలా ఉన్నారు అని అడిగితే అందరూ బాగానే ఉన్నారంటారు. చివరిసారి సరుకు ఆలస్యమైంది ఎప్పుడు, ఎన్ని రోజులు, ముందుగా చెప్పారా అని అడిగినప్పుడే పనికొచ్చే జవాబులు వచ్చాయి.

నివేదికలో రెండు గడులు ఖాళీగానే వదిలి, సమాచారం లభించలేదని రాశాను. నాలుగో కంపెనీ చివరి స్థానానికి వెళ్లింది. 1,200 మంది ఉద్యోగులన్న కంపెనీ బ్రిటన్‌లో నమోదైనది. అక్కడి చట్టం ప్రకారం ఏడాదిలో సగటున ఎంతమంది పనిచేశారో నోట్స్‌లో చూపాలి. ఆ గడిలో ఇప్పుడు 412 అని, పక్కన ఆ ఖాతా తేదీ, నోట్ సంఖ్య ఉన్నాయి. మా పై అధికారి నివేదిక తెరిచి మొదట చూసింది ఆ వరుసనే.